పెళ్లి పూల అలంకరణలో ఫిల్లర్ ఎంపిక: ఫోటో పక్కనపెట్టి ముహూర్తం గంట చూసుకోండి

మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి వైశాఖంలో, రాజమండ్రిలో. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. మండపం మధ్యాహ్నం మూడుకల్లా సిద్ధమైపోయింది. గులాబీల మధ్యంతా జిప్సోఫిలా అనే తెల్లటి చిన్నచిన్న పూలు, మేఘం దిగినట్టుంది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. హాల్లో ఏసీ వేసేది సాయంత్రం ఆరింటికి, అదీ అతిథులు వచ్చాకే. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి ఆ మేఘం కాస్తా మురికిపట్టిన దూదిలా తయారైంది. గులాబీలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటికి నీళ్లున్నాయి, జిప్సోఫిలాకి లేవు. ఆ అలంకరణకి సామాను ఎంచింది నేనే కాబట్టి ఆ రాత్రి ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

ఫిల్లర్ అంటే ఖాళీలు నింపే పచ్చాకు, చిన్నపూలు, కంకులు, పుల్లలు. పెద్దపూలకి అందరూ డబ్బు పెడతారు, ఫిల్లర్‌ని "ఏదో ఒకటి వెయ్యండి" అని వదిలేస్తారు. కానీ మండపంలో కంటికి కనిపించే విస్తీర్ణంలో సగం పైగా అదే. అది వాడితే గులాబీ ఎంత తాజాగా ఉన్నా మండపం వాడినట్టే కనిపిస్తుంది.

మొదటి అడుగు: గంటలు లెక్కపెట్టండి

ఏ పూవు, ఏ రంగు అన్నది తర్వాత. కాగితం మీద ముందు మూడు సంగతులు రాయండి. అలంకరణ పూర్తయ్యేది ఎన్నింటికి? చివరి ఫోటో ఎన్నింటికి? ఆ మధ్యలో ఏసీ ఎన్ని గంటలు?

మన పెళ్లిళ్లలో ఈ లెక్క తరచూ 14 నుంచి 18 గంటలు వస్తుంది. తెల్లవారుజాము ముహూర్తమైతే ముందురోజు మధ్యాహ్నమే కట్టేస్తారు, అప్పగింతల దాకా అది నిలవాలి. ఉదయం పదింటి ముహూర్తానికి తెల్లవారుజామున కడితే ఏడెనిమిది గంటలు చాలు. ఈ రెండింటికీ ఒకే ఫిల్లర్ పనికిరాదు. ఇంటర్నెట్‌లో కనిపించే అలంకరణల్లో చాలావాటిని కట్టిన గంటలోపే ఫోటో తీసి ఉంటారు.

తర్వాత నెల. మాఘ ఫాల్గుణాల్లో, కార్తీక మార్గశిరాల్లో చలి మీ పక్షాన ఉంటుంది, ఏది పెట్టినా ఓ పూట అదనంగా నిలుస్తుంది. వైశాఖ జ్యేష్ఠాల్లో, 40 డిగ్రీలు దాటే రోజుల్లో, పలచటి ఆకున్న ఏదీ నీళ్లు లేకుండా సాయంత్రం చూడదు. శ్రావణంలో చిక్కు వేరు. తేమకి ఆకు వాడదు గానీ, గట్టిగా చుట్టిన కట్టల్లో లోపలి ఆకులు నల్లబడి కుళ్లు వాసన వేస్తాయి. ఆ నెలలో కట్టలు వదులుగా ఉండాలి.

రెండో అడుగు: ఆకుని చేత్తో చదవండి

మామిడి తోరణం కట్టి నాలుగురోజులైనా గుమ్మానికి అలాగే ఎందుకుంటుంది? ఆకు దళసరి, పైన మైనపు పొర. నీళ్లు ఆగినా అది వేలాడిపోదు, ఉన్న ఆకారంలోనే మెల్లగా ఎండుతుంది. ఫిల్లర్ ఎంపికకి ఈ ఒక్క గుణం పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆకుని రెండువేళ్ల మధ్య పెట్టి మడవండి. తోలులా ఎదురుతిరిగితే నీళ్లు లేకుండా వాడొచ్చు. గుడ్డలా మెత్తగా మడతపడితే దానికి నీటివసతి ఉండాల్సిందే.

ఎదురుతిరిగే జాతిలో మామిడాకు తర్వాత నేను ఎక్కువగా వాడేది "అశోక" ఆకు. దేవాలయాల దగ్గర, కాలనీల ప్రహరీ పొడుగునా నిటారుగా పెరిగే ఆ చెట్టు నిజానికి అశోకం కాదు, నరమామిడి. మార్కెట్లో మాత్రం అశోక అనే అడగాలి. అంచులు అలల్లా ఉండటంతో మండపం స్తంభానికి చుడితే వేరే హంగు అక్కర్లేదు. అరేకా పామ్ మట్టలు, డ్రసీనా ఆకులు, కొబ్బరాకు కూడా ఈ జాతివే. కామిని రెమ్మ కాస్త మధ్యస్థం. అది కరివేపాకు చుట్టం. చిన్న చిన్న నిగనిగలాడే ఆకులు, రెమ్మ రెమ్మా నిండుగా ఉంటుంది. నీళ్లుంటే రోజులు నిలుస్తుంది, లేకపోతే వేసవిలో ఓ పూటకే ఆకు చుట్టుకుపోతుంది.

మెత్తగా మడతపడే వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఆస్పరాగస్. అది మన పిల్లిపీచర కుటుంబమే. లేసులా అందంగా ఉంటుంది, అందుకే బొకే కట్టేవాళ్లంతా వాడతారు. కానీ ఎండితే సూదుల్లాంటి ఆకులు ధారగా రాలతాయి, తలంబ్రాల్లో కలుస్తాయి. పైగా కొన్ని రకాల కాడకి వంకర ముళ్లుంటాయి. పెళ్లికూతురు కూర్చునే పీట వెనక ఇది పెడితే, లేచేటప్పుడు జరీ పోగు పట్టుకుని లాగుతుంది. నీళ్లున్న కుండీల్లో, మనుషులకి తగలనంత ఎత్తులో మాత్రమే పెట్టండి.

మూడో అడుగు: చిన్నపూల ఫిల్లర్లు, వాటి గుణదోషాలు

జిప్సోఫిలా మీద నాకు కోపం లేదు. దాని ముందు ఏ పెద్దపూవైనా తేలికగా, గాల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకే ఫిల్లర్ ఆ పని చెయ్యలేదు. కాకపోతే మూడు జాగ్రత్తలు. మొగ్గల్లో మూడోవంతు నుంచి సగం దాకా విచ్చిన కట్ట కొనండి. పూర్తిగా విచ్చింది రేపటికి గోధుమరంగు తిరుగుతుంది, అసలు విచ్చనిది మీ ముహూర్తానికి అందదు. రెండోది, మోపులుగా పెడితే దీనికి ఓ పుల్లటి చెడువాసన ఉంటుంది. హాలు తలుపులు మూసుంటే తెలుస్తుంది, భోజనాల బల్లల మీద వద్దు. మూడోది, నీలం, గులాబీ రంగులు అద్ది అమ్మేవి తడి తగిలితే రంగు దిగుతాయి. పట్టుబట్టలకి దూరంగా ఉంచండి.

గోల్డెన్ రాడ్ పసుపు కుచ్చులా ఉంటుంది. బంతి, చామంతి ఉన్న మండపానికి ఇదే సరైన జోడీ. బ్లూ డైసీది లేత ఊదారంగు, అది గులాబీరంగు పూలతో బాగా కుదురుతుంది. స్టాటిస్, లిమోనియం కాగితప్పూలలాంటివి. నీళ్లున్నా లేకపోయినా రంగు మారదు, మోటుగా ఉన్నా నమ్మొచ్చు. ఎండ వేళ గుమ్మం అలంకరణకి జిప్సోఫిలా బదులు నేను వీటినే వేస్తాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో మొలిచే వయ్యారిభామని జిప్సోఫిలా బదులు బొకేల్లో కలిపేవాళ్లున్నారు. కాంగ్రెస్ గడ్డి అంటామే, అదే. 1950లలో పుణె దగ్గర మొదట కనిపించి దేశమంతా అల్లుకున్న కలుపు. తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, పుప్పొడికి తుమ్ములు, ఆయాసం. పోల్చుకోవడం కష్టం కాదు. జిప్సోఫిలా కాడ తీగలా సన్నగా, నున్నగా ఉంటుంది, ఆకులు సన్నగా ఎదురెదురుగా ఉంటాయి. వయ్యారిభామ కాడ గీతలుదేరి నూగుతో ఉంటుంది, ఆకు క్యారట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది. పూవు తీసేసి ఉత్త ఆకు చూపిస్తే మాచిపత్రి అని కూడా పొరబడతాం. నలిపి చూడండి. మాచిపత్రి అయితే ఘాటైన మంచివాసన వేస్తుంది, ఆకు అడుగున వెండిలా తెల్లగా ఉంటుంది.

నాలుగో అడుగు: ఒంటికి తగిలేవి వేరు, గోడకి కట్టేవి వేరు

దండల్లో, పూలజడలో ఫిల్లర్ అనే మాట మనం వాడం గానీ, మరువం, దవనం చేసే పని అదే. కనకాంబరానికి రంగుంది, వాసన లేదు. మధ్యమధ్య మరువం రెమ్మ కడితే ఆ లోటు తీరుతుంది. కదంబం మాల అందమంతా ఈ పద్ధతిలోనే ఉంది: రెండు పూల గుత్తులకి మధ్య ఒక ఆకు గుత్తి. పచ్చదనం అడ్డుపడబట్టే తెలుపూ నారింజా విడివిడిగా కనిపిస్తాయి. మండపానికి లక్షలు పోసి, వధూవరుల దండల్లో మరువం బదులు ఆస్పరాగస్ కట్టించుకునేవాళ్లని చూస్తే నాకు మనసొప్పదు. మెడకి గుచ్చుకుంటుంది, వాసన సున్నా.

దవనం చలికాలం పంట. మాఘ ఫాల్గుణ ముహూర్తాలకి సులువుగా దొరుకుతుంది. వేసవి పెళ్లికి మరువం మీదే ఆధారపడండి, మల్లెలు ఎలాగూ ఉంటాయి.

గన్నేరు రెమ్మలు పచ్చగా, చవగ్గా దొరుకుతాయి గానీ చెట్టంతా విషమే. చిన్నపిల్లల చేతికందే చోట, భోజనాల దగ్గర అసలు వద్దు. డిఫెన్‌బాకియా ఆకుల రసం నోటికి, చర్మానికి మంట పెడుతుంది. పాలుకారే రెమ్మలేవైనా పట్టుచీర మీద మరకే.

హోమగుండం చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల దాకా ఎండు సామాను ఉండకూడదు. ఇప్పుడు పాంపస్ గడ్డి, అంటే ఎండబెట్టిన పెద్ద గడ్డి కుచ్చులు, ఫ్యాషన్ కదా. గోదావరి లంకల్లో శరత్కాలంలో పూసే రెల్లు అంతకంటే ఏం తక్కువ అనిపిస్తుంది నాకు, దానికి అద్దె కూడా కట్టక్కర్లేదు. ఏదైనా సరే, నూగు రాలకుండా దూరం నుంచి పలచగా హెయిర్ స్ప్రే కొట్టి పూర్తిగా ఆరనిచ్చి, స్వాగతద్వారం దగ్గర పెట్టండి. అగ్ని దగ్గర మాత్రం పచ్చాకే ఉండాలి. వరి కంకుల కుచ్చులకీ ఇదే నియమం.

ఐదో అడుగు: రంగుని పగటివెలుగులో ఎంచకండి

మార్కెట్లో తెల్లవారుజామున చూసిన ముదురాకుపచ్చ, హాల్లో పసుపుపచ్చ లైట్ల కింద నల్లగా కనిపిస్తుంది. కెమెరాకైతే మరీను. రాత్రి పెళ్లికి లేతాకుపచ్చ, పసుపు చారలున్న ఆకులు కొంతైనా కలపండి. డ్రసీనాలో సాంగ్ ఆఫ్ ఇండియా అనే రకం అంచుకి పసుపు గీత ఉంటుంది, నాలుగు రెమ్మలు పెడితే ముదురు పచ్చంతా విచ్చుకుంటుంది. యూకలిప్టస్ బూడిదరంగు పచ్చ లేతగులాబీ పూలకి చక్కగా నప్పుతుంది గానీ, పసుపు బంతిపూల పక్కన దుమ్ముపట్టినట్టుంటుంది. తెలుపు ఎక్కువైతే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. కట్టాక మార్చడం కంటే ముందే అమ్మమ్మని, మేనత్తని అడగడం చవక.

ఆరో అడుగు: కొనడం

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్, గోదావరి జిల్లాల వాళ్లకి కడియపులంక. రెండు చోట్లా తెల్లవారకముందే మంచి సరుకు వెళ్లిపోతుంది. బంతి, చామంతి, మరువం లాంటివి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వస్తాయి. జిప్సోఫిలా లాంటివి ఎక్కువగా బెంగళూరు వైపు నుంచి, నీలగిరుల నుంచి పెట్టెల్లో దిగుతాయి. అంటే అవి మీ చేతికొచ్చేసరికే ప్రయాణం చేసి అలిసి ఉంటాయి. కాబట్టి ముహూర్తానికి రెండురోజుల ముందే పూలంగడికి చెప్పిపెట్టండి.

మాటల్లో ఒక చిక్కుంది. హైదరాబాద్ మార్కెట్లో "లిల్లీ" అంటే నేలసంపెంగ. డెకరేషన్ వాళ్లు రాసే లిల్లీ పెద్ద రేకుల విదేశీ రకం. చీటీ మీద లిల్లీ అని రాసిచ్చి మనిషిని పంపితే కిలోలకొద్దీ నేలసంపెంగ వస్తుంది. ఫోన్లో ఫోటో పెట్టి పంపండి.

కట్టని తలకిందులు చేసి ఒకసారి దులపండి. నేను అలా చేస్తుంటే ఓసారి పూలమ్మే ఆవిడ గట్టిగానే అంది, "గట్ల దులిపితె రాలిపోవా అక్కా పూలు?" "రాలేవి ఇక్కడే రాలనీ అమ్మా, ఉండేవే ఇంటికి తీసుకుపోతా" అన్నాను. నవ్వి, కింద నుంచి వేరే కట్ట తీసిచ్చింది. కాడ మొదళ్లు జిగటగా ఉన్నా, వాసన వచ్చినా ఆ కట్ట నిన్నటి నీళ్లలో నానినదే. కట్ట మధ్యలోకి వేలు పెట్టి చూడండి, వెచ్చగా తగిలితే లోపల కుళ్లు మొదలైంది.

ఎంత కొనాలి? ఎవరి లెక్కా నమ్మకండి. ముందు ఒక్క అడుగు మేర మీరే కట్టి చూడండి. అడుక్కి 6 రెమ్మలు పట్టాయనుకుందాం. 8 అడుగుల స్తంభాలు నాలుగు, అంటే 32 అడుగులు, 192 రెమ్మలు. పదోవంతు తరుగు కలిపితే 211. కట్టకి 10 రెమ్మలుంటే 22 కట్టలు. ఈ అడుగు ముక్కని పారెయ్యకండి. నీళ్లు పెట్టకుండా హాల్లాంటి వేడిలో 16 గంటలు గోడకి వేలాడదీయండి. మరుసటి పొద్దున అది ఎలా ఉందో, మీ మండపం అలా ఉంటుంది. ఈ పరీక్ష నేను రాజమండ్రిలో చేసి ఉంటే ఈ వ్యాసం మొదటి పేరా ఉండేదే కాదు.

ఏడో అడుగు: బకెట్లో రెండు గంటలు

సరుకు రాగానే కట్టడం మొదలెట్టకండి. కట్టలు విప్పి, నీటిలో మునిగే భాగంలో ఆకులన్నీ దూసెయ్యండి. పదునైన కత్తితో కాడని ఏటవాలుగా రెండు సెంటీమీటర్లు కోసి వెంటనే శుభ్రమైన నీళ్లలో పెట్టండి. కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా. ఫ్యాన్ కింద వద్దు, గాలికి ఆకులోని తడి పోతుంది. పూలున్న ఫిల్లర్లకి లీటరు నీటికి ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, అర చెంచా ద్రవరూపంలో దొరికే బ్లీచ్ కలపొచ్చు. పంచదార తిండి, మిగతా రెండూ నీళ్లు పాడవకుండా. ఉత్త ఆకులకి మంచినీళ్లు చాలు.

బకెట్లు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. కళ్యాణమండపంలో స్టోర్ రూమ్ ఒకటే ఉంటుంది. తాంబూలాల అరటిపళ్లు, వేసవైతే మామిడిపళ్ల బుట్టలు, పూలు, అన్నీ అందులోనే. మగ్గే పళ్ల నుంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుంది. కార్నేషన్ రేకులు దానికి లోపలికి ముడుచుకుపోతాయి, జిప్సోఫిలా మొగ్గలు విచ్చకుండానే మాడతాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో పళ్ల పక్కన పూలు పెట్టినా ఇదే గతి. వేరే గది లేకపోతే పళ్లని వరండాలోకి పంపండి, పూలని కాదు.

ఎనిమిదో అడుగు: దేనికి గుచ్చాలి

ఆకుపచ్చ స్పాంజ్ ఇటుక, ఒయాసిస్ అంటారే, 1954లో అమెరికాలో మొదలైన వస్తువు. దాన్ని నీళ్లలో చేత్తో నొక్కి ముంచితే లోపల గాలి చిక్కుకుని మధ్య భాగం పొడిగా ఉండిపోతుంది. సరిగ్గా అక్కడ గుచ్చిన కాడే ముందు వాడుతుంది. నీటి మీద వదిలెయ్యండి, బరువెక్కి తనే మునుగుతుంది. ఒకసారి గుచ్చిన కాడని తీసి మళ్లీ అదే రంధ్రంలో పెట్టకండి. ఆ స్పాంజ్ ప్లాస్టిక్ రకపు సామాను, మట్టిలో కలవదు. పొడిగా కోసేటప్పుడు ఆ ధూళి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి.

నాకు నచ్చేది మాత్రం అరటి బోదె. పెళ్లికి ఎలాగూ అరటిచెట్లు కడతారు. మిగిలిన బోదెని జానెడు ముక్కలుగా కోసి పక్కకి పడుకోబెట్టండి. పొరలు పొరలుగా నీరు నిండి ఉంటుంది, ఒక పూట పెళ్లికి అది చాలు. గట్టి కాడలు నేరుగా దిగుతాయి. జిప్సోఫిలా లాంటి సన్నకాడలకి ముందు వెదురుపుల్లతో రంధ్రం చెయ్యాలి. కోసిన చోట కారే రసం గుడ్డ మీద నల్లటి మరక చేస్తుంది, ఎంత ఉతికినా పోదు. అందుకని కింద పళ్లెమో ప్లాస్టిక్ కాగితమో పరిచి, ఆపైన విస్తరాకులు కప్పండి.

తొమ్మిదో అడుగు: వరస

ముందు వెడల్పాటి ఆకు, బోదె కనిపించకుండా. తర్వాత ఆకారాన్ని బయటికి లాగే పొడుగు రెమ్మలు. ఆపైన పెద్దపూలు. గాలిలా తేలే చిన్నపూలు అన్నిటికంటే చివర, హాలుకి చేరాక, వీలైనంత ఆలస్యంగా. నా చేతి లెక్కలో ఆకు సగం, పెద్దపూలు మూడోవంతు, చిన్నపూలు మిగిలింది. డబ్బు తక్కువైతే పెద్దపూలు తగ్గించి ఆకు రకాలు పెంచుతాను. ఒకే రకం ఆకు ఎక్కువైతే పొదలా ఉంటుంది, మూడు రకాలైతే తోటలా ఉంటుంది.

అంతా గుచ్చాక పది అడుగులు వెనక్కి వెళ్లి, ఫోన్లో ఫోటో తీసి, నలుపుతెలుపులోకి మార్చి చూడండి. ఎక్కడ నల్లటి మచ్చలా కనిపిస్తుందో అక్కడ లేతాకు కావాలి. ఎక్కడ అంతా ఒకే బూడిదరంగులో కలిసిపోయిందో అక్కడ ఫిల్లర్ తీసెయ్యాలి. చాలాసార్లు తీసెయ్యడమే అవసరమవుతుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లు మామిడాకుల గురించి అడుగుతుంటారు. అమెరికా పూలకొట్లలో లెమన్ లీఫ్ పేరుతో సలాల్ అనే ఆకు దొరుకుతుంది. నిమ్మకి దానికి ఏ సంబంధమూ లేదు. దళసరిగా, నిగనిగలాడుతూ, నీళ్లు లేకుండా నిలుస్తుంది కాబట్టి తోరణానికి పనికొస్తుంది. కలశంలోకి మాత్రం పురోహితుణ్ణి అడిగి పెట్టండి.

పెళ్లయిన పొద్దున విప్పేటప్పుడు స్పాంజ్ ఇటుకలు, తీగలు, ప్లాస్టిక్ టేపు ముందు విడిగా తీసెయ్యండి. ఆకులు, పూలు, బోదెలు కొబ్బరిచెట్టు పాదుకి పోతాయి. స్టాటిస్ కట్టలు మాత్రం పారెయ్యనివ్వకండి. తలకిందులుగా నీడన వేలాడదీస్తే రంగు పోకుండా ఎండుతాయి. పదహారు రోజుల పండగకి గుమ్మం పక్కన మళ్లీ అవే పెట్టుకోవచ్చు.